మోటార్‌హోమ్‌తో ఓడ ఎక్కే ముందు



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక ఒక నాన్నగారు ఫోన్ తీసి ఫొటోలు చూపించారు. సంక్రాంతి సెలవులకి పిల్లలతో న్యూజిలాండ్‌లోని తమ్ముడి దగ్గరికి వెళ్తున్నారట. మంచాలు, వంటగది, టాయిలెట్ అన్నీ ఉన్న మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని రెండు దీవులూ చూడాలని ప్లాన్. "బండితో సహా ఓడ ఎలా ఎక్కాలి మేడమ్?" అన్నారు. రెండేళ్ల క్రితం మా అక్క కుటుంబంతో నేనూ అలాగే వెళ్లాను. అందుకే ఈ నాలుగు మాటలు.

ఉత్తర దీవిలోని వెల్లింగ్టన్ నుంచి దక్షిణ దీవిలోని పిక్టన్‌కి ఫెర్రీలో సుమారు 92 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. బండి ఛార్జీ దాని పొడవును బట్టి ఉంటుంది. వెనక సైకిల్ స్టాండ్ తగిలిస్తే అదీ లెక్కే. డిసెంబర్, జనవరి అక్కడ వేసవి సెలవులు కాబట్టి నెలల ముందే బుక్ చేసుకోండి. అద్దె బండిని ఓడ ఎక్కించవచ్చో లేదో కంపెనీని ముందే అడగండి.

ఓడ ఎక్కే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేయాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోకుండా నేల దగ్గరే పేరుకుంటుంది. వందల బండ్లు నిలిపిన మూసిన డెక్‌లో ఒక్క నిప్పురవ్వ చాలు. ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచేదైతే అదీ ఆగిపోతుంది. తలుపు తీయకుండా ఉంటే మూడున్నర గంటల్లో పెరుగు పాడవదు లెండి.

బండి పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, అందరూ పైకి వెళ్లిపోవాలి. ఓడ కదిలాక బండి దగ్గరికి మనంతట మనం వెళ్లడానికి లేదు. మేం పొరబడింది ఇక్కడే. మా అక్క కొడుక్కి ఆస్తమా. ఇన్‌హేలర్ బండిలోనే మర్చిపోయాం. గంట గడిచాక వాడికి దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. సిబ్బందికి చెబితే ఒకాయన మా బావగారిని వెంట తీసుకెళ్లి తెప్పించారు. పది నిమిషాలు పట్టిందేమో. ఆ పది నిమిషాలూ మా అక్క వాడి వీపు నిమురుతూనే ఉంది. అందుకే మందులు, స్వెటర్లు, ఒక జత బట్టలు, తినేవి చిన్న బ్యాగులో వేసుకుని పైకి తీసుకెళ్లండి.

బట్టలు ఎందుకంటే, వాంతులు. రెండు దీవుల కొండల మధ్య ఇరుకులోంచి పడమటి గాలి దూసుకొస్తుంది కాబట్టి కుక్ జలసంధిలో ఓడ బాగా ఊగుతుంది. మాత్ర ఓడ కదలకముందే వేయాలి. ఏ పిల్లలకి ఎంత వేయాలో ఇక్కడే మీ డాక్టర్‌ని అడిగి వెళ్లండి. చివరి గంటలో నీళ్లు నిమ్మళిస్తాయి. అది మార్ల్‌బరో సౌండ్స్. సముద్రం కిందికి మునిగిపోయిన నదీ లోయలవి! పిల్లల్ని డెక్ మీదికి తీసుకెళ్లి చూపించండి, జాగ్రఫీ పాఠం కళ్ల ముందే ఉంటుంది.

పిక్టన్ నుంచి కైకోరా వైపు వెళ్తే చాలా దూరం సముద్రం పక్కనే రోడ్డు. కానీ కనిపించిన ప్రతి బీచ్‌లో రాత్రి ఆగకూడదు. చాలా చోట్ల టాయిలెట్, మురుగునీటి ట్యాంకు ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న బండ్లకే అనుమతి. బోర్డు చదివి ఆగండి, లేకపోతే జరిమానా.

అన్నట్టు, దిగాక గ్యాస్ వాల్వ్ తిప్పడం గుర్తుంచుకోండి. ఆ రాత్రి స్టవ్ వెలగకపోతే సిలిండర్ అయిపోయిందనుకుని మేం బిస్కెట్లతోనే పడుకున్నాం.