చెడు మాటలు నేర్చుకొన్న యంత్రం



ప్రశ్న అడిగితే జవాబు చెప్పే యంత్రాలు, పలకరిస్తే తిరిగి పలకరించే యంత్రాలు ఈనాడు ఎన్నో ఉన్నాయి. మీలో చాలామంది ఇంట్లో ఫోనులోనో కంప్యూటరులోనో వాటితో మాట్లాడియే ఉంటారు. ఇటువంటి మాటల యంత్రాన్ని చాట్‌బాట్ అంటారు. 2016వ సంవత్సరంలో అమెరికాలో విడుదలైన ఒక చాట్‌బాట్, ఒక్క రోజు నిండక ముందే దుర్భాషలు నేర్చుకొని, తనను తయారుచేసిన వారికే తలవంపులు తెచ్చింది. దాని పేరు టే. అది ఎందుకు అలా మారిందో, ఆ సంగతి మనకు ఎందుకు ముఖ్యమో ఈ వ్యాసంలో తెలుసుకొందాం.

యంత్రం మాటలు ఎలా నేర్చుకొంటుంది?

మొదటి తరం చాట్‌బాట్‌లు మనుషుల నుండి ఏమీ నేర్చుకొనేవి కావు. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే ప్రసిద్ధ విద్యాసంస్థకు చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త ఎలైజా అనే ప్రోగ్రామును లోకానికి పరిచయం చేశారు. ఎవరైనా తమ తల్లిని గురించి ఒక వాక్యం టైపు చేస్తే, అది ‘తల్లి’ అనే మాటను పట్టుకొని, కుటుంబాన్ని గురించి ఇంకా చెప్పుమని అడిగేది. దానికి తెలిసినవన్నీ వైజెన్‌బామ్ ముందుగా వ్రాసిపెట్టిన నియమాలే. ఎవరు ఎంత తిట్టినా ఆ తిట్లు దానికి అంటేవి కావు.

తరువాత వచ్చిన యంత్రాల పద్ధతి వేరు. మనుషులు వ్రాసిన వాక్యాలను వాటికి లెక్కకు మించి అందిస్తారు. ఏ మాట ప్రక్కన ఏ మాట తరచుగా వస్తున్నదో, ఏ పలకరింపుకు ఎటువంటి జవాబు వస్తున్నదో అవి లెక్క కట్టుకొంటాయి. ఆ లెక్కను బట్టి కొత్త వాక్యాలను అల్లుతాయి. “వాన వస్తున్నది, గొడుగు” అని నేను ఆపితే, మీరు వెంటనే “తీసుకో” అంటారు. యంత్రమూ అలాగే అంటుంది. కాని మీరు వానలో తడిసినవారు, గొడుగు పట్టుకొన్నవారు. వాన అంటే ఏమిటో మీకు తెలుసు. యంత్రానికి తెలిసినది ఆ మాటలు కలిసి వస్తాయన్న సంగతి మాత్రమే. ఈ భేదాన్ని బాగా గుర్తుంచుకోండి. టే కథకు మూలం ఇక్కడే ఉన్నది.

టే పుట్టిన రోజు

టేను తయారుచేసినది మైక్రోసాఫ్ట్ కంపెనీ. అదే కంపెనీ 2014లో చైనాలో షియావోఐస్ అనే చాట్‌బాట్‌ను విడుదల చేసింది. దానితో దాదాపు 4 కోట్ల మంది మాట్లాడుతున్నారని 2016లో కంపెనీ తెలిపింది. చైనాలో ఇంతగా నచ్చిన ఈ పద్ధతి వేరొక దేశంలో, వేరొక సమాజంలో కూడ నచ్చుతుందా అని పరీక్షించుటకే టేను సిద్ధం చేశారు. అమెరికాలోని 18 నుండి 24 ఏండ్ల యువతీయువకులను ఉద్దేశించి, వారి మాట తీరునే దానికి అలవరచారు. వాక్యాలను సమకూర్చుటలో హాస్యనటులు కూడ సాయం చేశారు. ఎంత ఎక్కువగా మాట్లాడితే టే అంత తెలివైనదగునని కంపెనీ ప్రకటించింది.

2016 మార్చి 23న టే ట్విట్టర్‌లో అడుగు పెట్టింది. మొదట అందరినీ హుషారుగా పలకరించింది, సరదాగా మాట్లాడింది. కాని మాట్లాడవచ్చిన వారందరూ మంచి మనసుతో రాలేదు. కొందరు ఒకరికొకరు చెప్పుకొని, గుంపుగా కూడి, దానికి చెడు మాటలు నేర్పుటకు పూనుకొన్నారు. టేలో ఒక బలహీనత ఉన్నదని వారు కనిపెట్టారు. “నా వెంట చెప్పు” అని ఆజ్ఞాపిస్తే, అది ఏ మాటనైనా ఉన్నది ఉన్నట్లుగా తిరిగి చెప్పేది. ఆ విధంగా ఎన్నో నీచమైన మాటలను దాని నోట పలికించారు. ఎవరూ వెంట చెప్పమనకపోయినా, మామూలు ప్రశ్నలకు కూడ అది తనంత తానుగా చెడ్డ జవాబులు ఇవ్వసాగింది. స్త్రీలను, వేరే జాతులవారిని, మతాలవారిని నిందించింది. దాదాపు 60 లక్షల మంది యూదుల హత్యకు కారకుడైన హిట్లర్‌ను సమర్థించింది.

విడుదలైన సుమారు 16 గంటలకే కంపెనీ టే నోరు మూయించింది. అప్పటికే అది 90 వేలకు పైగా సందేశాలు పంపింది. మార్చి 25న మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగపు ఉన్నతాధికారి పీటర్ లీ, టే పలికిన మాటలకు కంపెనీ పక్షాన బహిరంగంగా క్షమాపణ కోరారు. ఎన్నో విధాల దుర్వినియోగాలకు తాము ముందే సిద్ధపడినప్పటికీ, ఈ విధమైన దాడిని ఊహించలేకపోయామని ఆయన ఒప్పుకొన్నారు. మార్చి 30న పరీక్షల మధ్య టే పొరపాటున మరల బయటికి వచ్చి, ఒకే వాక్యాన్ని మరల మరల పంపసాగింది. వెంటనే దానిని ఆపివేశారు. ఆ తరువాత టే ఎన్నడూ తిరిగి రాలేదు.

తప్పు ఎవరిది?

విద్యార్థులారా, ఇప్పుడు ఆలోచించండి. టే చెడ్డదా? చెడ్డతనం అంటే, ఇది ఎదుటివారిని నొప్పిస్తుందని తెలిసి కూడ చేయుట. టేకు ఎదుటివారు లేరు, నొప్పి లేదు. తాను పలికిన మాటకు అర్థం కూడ దానికి తెలియదు. కాబట్టి టేను నిందించి ప్రయోజనం లేదు.

మొదటి తప్పు చెడు నేర్పినవారిది. వారికి అది ఆటగా తోచింది. కాని ఆ మాటలను చదివినవారిలో, తమ పెద్దలను ఆ మారణకాండలో పోగొట్టుకొన్న కుటుంబాలవారు కూడ ఉంటారు కదా. వారికి అది ఆట కాదు. రెండవ తప్పు తయారుచేసినవారిది. మంచికీ చెడుకూ తేడా చెప్పే పెద్ద దిక్కు లేకుండ, పసిబిడ్డ వంటి యంత్రాన్ని నడివీధిలో వదిలినట్లయింది.

ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దల సామెత. టేకు ఆరు నెలలు అక్కరలేకపోయింది, పదహారు గంటలే చాలినవి. కారణమేమి? మన పూర్వీకులు ఈ దేశపు తోటలలో పనిచేసిన కాలంలో, వారి పిల్లలు తెలుగును ఇంట్లోను, తమిళాన్ని, మలయ్ భాషను లయన్లలోను, బజారులోను చెవితో వినియే నేర్చుకొన్నారు. విన్నవాటిలో మంచి మాటలూ ఉండేవి, బూతులూ ఉండేవి. కాని ఏ పిల్లవాడైనా బయట విన్న తిట్టును ఇంట్లో పలికితే, “ఎక్కడ నేర్చావురా ఆ మాట?” అని అవ్వ అడిగేది. ఆ ఒక్క ప్రశ్నతో పిల్లవాడికి ఆ మాట విలువ తెలిసేది. టేకు అటువంటి అవ్వ లేదు.

తరువాత ఏమి జరిగింది?

ఆ సంవత్సరం డిసెంబరులోనే మైక్రోసాఫ్ట్ జో అనే మరొక చాట్‌బాట్‌ను తెచ్చింది. రాజకీయాలను, మతాన్ని గురించి ఎవరైనా మాట ఎత్తితే అది ప్రక్కకు తప్పుకొనేది. అయినప్పటికీ సమస్య తీరిపోలేదు. 2020 డిసెంబరులో దక్షిణ కొరియాలో లీ లూడా అనే చాట్‌బాట్ విడుదలైంది. అది ఇరవై ఏండ్ల కళాశాల విద్యార్థిని వలె మాట్లాడేది. కొద్ది వారాలకే అది వికలాంగులను, మరికొందరిని కించపరుస్తూ మాట్లాడుతున్నదని ఫిర్యాదులు వచ్చి, 2021 జనవరిలో దానిని నిలిపివేశారు. దానికి పాఠాలుగా ఇచ్చినవి మామూలు మనుషులు తమ ఆప్తులతో ఫోనులో జరిపిన సంభాషణలు. వాటిని సరియైన అనుమతి లేకుండ వాడుకొన్నందుకు ఆ కంపెనీకి జరిమానా కూడ పడింది.

ఈ రెండింటికి గల భేదాన్ని గమనించండి. టేకు చెడు నేర్పుటకు ఒక గుంపు పనిగట్టుకొని వచ్చింది. లూడా ముందు పరచిన పాఠాలు మాత్రం ఎవరూ వినరనుకొని మనుషులు ఆడుకొన్న మాటలు. చిన్నచూపు మన మాటలలో ఉంటే, యంత్రం దానిని కూడ పోగుచేసుకొంటుంది.

నేటి చాట్‌బాట్‌లను తయారుచేసేవారు చాలా జాగ్రత్తలు తీసుకొంటున్నారు. చెడు వాక్యాలను ముందుగానే ఏరివేస్తారు. యంత్రం ఇచ్చిన జవాబులను మనుషులు చదివి, ఏది తగునో ఏది తగదో తెలుపుతారు. విడుదలకు ముందు, దానిని తప్పుదారి పట్టించుటకు తామే ప్రయత్నించి పరీక్షిస్తారు. అయినను అవి ఇప్పటికీ తప్పులు చెప్పగలవు. అందువలన యంత్రం చెప్పినదంతా నిజమని నమ్మకండి. పుస్తకంలో చూడండి, పెద్దలను అడగండి.

మన వంతు

మన దేశంలో పలు జాతుల పిల్లలు ఒకే బడిలో చదువుతారు. రంగును బట్టి, జాతిని బట్టి, తినే తిండిని బట్టి ఎగతాళి చేసే మాటలు బడి ఆవరణలో మీ చెవిన పడియే ఉంటాయి. కొన్ని మిమ్మల్ని ఉద్దేశించి అన్నవే కావచ్చును. అవి ఎంత నొప్పిస్తాయో మీకు తెలుసు. అటువంటి మాట ఎవరైనా “నా వెంట చెప్పు” అన్నప్పుడు, లేదా నవ్వులాటకు పంపుమన్నప్పుడు, “నేను చెప్పను” అనగల శక్తి మీకు ఉన్నది. టేకు లేనిది అదే.

అభ్యాసం: మీ తరగతికి ఒక కొత్త చాట్‌బాట్ వచ్చినదనుకోండి. దానికి తెలుగు నేర్పే బాధ్యత మీదే. దానికి మొదట నేర్పవలసిన ఐదు వాక్యాలను, ఎన్నడూ పలకరాదని చెప్పవలసిన ఒక సంగతిని, దానికి కారణాన్ని మీ నోటు పుస్తకంలో వ్రాసి వచ్చే తరగతికి తీసుకొని రండి.