పరివర్తక పరీక్షయందు సంకేతశుద్ధి

వ్రాతప్రతులను పరిష్కరించువారికి ఒక చిక్కు సుపరిచితము. ప్రతిలో కనిపించు తప్పు వ్రాయసకానిదా, అతని ముందున్న మాతృకదా? సి.పి. బ్రౌన్ కడపలో పండితులచేత పలు ప్రతులను సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించినది ఇట్టి తప్పులను తొలగించుటకే. వాగ్ధ్వనులను యంత్రముపై నమోదు చేయు నేటి భాషాశాస్త్రజ్ఞునకును ఇదే చిక్కు ఎదురగుచున్నది.

మైక్రోఫోను నుండి వెలువడునది అవిచ్ఛిన్నమైన విద్యుత్తరంగము. దానిని అంకెలుగా మార్చు సాధనమునకు అనలాగ్-డిజిటల్ పరివర్తకమని పేరు. అది నియమితకాలమున తరంగపు ఎత్తును కొలిచి, సమీపమందలి మెట్టునకు సరిపెట్టును. 16 బిట్ల పరివర్తకమునకు 65,536 మెట్లు కలవు. సరిపెట్టుటలో మిగులు స్వల్పభేదమే రొదగా పరిణమించును. నిర్దుష్టమైన పరివర్తకమున, పూర్ణస్థాయి సైను తరంగమునకును ఈ రొదకును గల నిష్పత్తి, బిట్ల సంఖ్యను 6.02చే గుణించి 1.76 కలిపినన్ని డెసిబెళ్లు. 16 బిట్లకు ఇది సుమారు 98.

పరీక్షకై 1,000 హెర్ట్‌జుల సైను తరంగమును పంపితిమనుకొందము. ఫలితమున 2,000, 3,000 హెర్ట్‌జుల వద్దను శక్తి కనిపించినచో, అది పరివర్తకపు వికృతి యని తలంతుము. కాని ఆ గుణిజములు తరంగమును పుట్టించిన యంత్రమునుండియే వచ్చియుండవచ్చును. ఆ మూలసంకేతమందలి రొదయు వికృతియు కలిసి 80 డెసిబెళ్లు మాత్రమే దిగువనున్నచో, 16 బిట్ల మేలైన పరివర్తకముగూడ 13 బిట్లదానివలె కనిపించును. పరుల దోషమునకు అది నింద మోయును.

కావున మూలసంకేతము పరీక్ష్యవస్తువుకంటె కనీసము 10 డెసిబెళ్లు శుద్ధతరముగా నుండవలెను. అప్పుడు కొలతలో దోషము అర డెసిబెల్‌కు లోబడును. నడుమ వడపోత సాధనము నుంచిన గుణిజములు తగ్గును. కాని మూలతరంగమునకు చేరువనున్న రొద తొలగదు. నమూనాలను గ్రహించు గడియారము నిలకడగా లేకున్నను ఫలితము చెడును.

1947లో శంకుస్థాపన జరిగిన న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ మన దేశపు వోల్టేజి, కాల ప్రమాణములను పరిరక్షించుచున్నది. అట్టి ప్రమాణములతో సరిచూచిన యంత్రము చూపు విలువ నమ్మదగినది. అయినను విలువ సరిగా నుండుట వేరు, తరంగము శుద్ధముగా నుండుట వేరు. రెండింటిని వేర్వేరుగా పరీక్షింపవలెను.

దీని ప్రయోజనము మనకు స్వల్పము కాదు. శ, ష, సల భేదము చాలవరకు ఉన్నతపౌనఃపున్యములందు వెల్లడియగును. అచ్చట యంత్రవికృతి చేరినచో, దానిని వక్త ఉచ్చారణగా భ్రమింపవచ్చును. వ్యవహర్తలు కొలదిమందియే మిగిలిన భాష విషయమున, మరల వినిపింపుమని అడుగుటకు రేపు ఎవరును ఉండకపోవచ్చును. కావున ధ్వనిసంపుటముతోపాటు, పరివర్తకమును ఎట్టి సంకేతముతో పరీక్షించిరో, ఆ సంకేతపు శుద్ధి ఎంతయో వ్రాసియుంచుట పరిశోధకుని విధి.