మోకాలిలోని నెలవంకలు

కబడ్డీ యాటలో ఒంటికాలిపై నిలిచి దేహమును గిఱ్ఱున త్రిప్పిన బాలునికి మోకాలిలో నేదియో తెగినట్లు తోచుట కలదు. వాపు తగ్గిన పిమ్మట నడచును గాని, యొక్కొక్కప్పుడు కాలు చాపరాక బిగిసిపోవును. ఇట్టివారిని కట్టు కట్టువారి యొద్దకు గొనిపోవు తల్లిదండ్రులు మన ప్రాంతమున నిప్పటికిని గలరు. అయితే తెగినది ఎముక కాదు.

తొడయెముకకును క్రింది యెముకకును నడుమ నెలవంకల వంటి మృదులాస్థులు రెండు గలవు. వైద్యులు వీనిని మెనిస్కస్‌ లందురు. గ్రీకు భాషలో చిన్న చంద్రుడని యర్థము. దేహభారమును పంచి మోయుట వీని పని. ఇవి సామాన్యమైన ఎక్స్‌రే పటమున గానరావు. ఎమ్మారై పరీక్షలో గనబడును. కాలు చాపరాక బిగిసినచో మర్దనము మాని వెంటనే యెముకల వైద్యునికి జూపవలెను. వెలుపలి యంచునకు మాత్రమే రక్తనాళములున్నవి గనుక, అచ్చటి చీలికను కుట్టిన నతుకును. లోపలిది తరచుగా నతుకదు.

ఎడిన్‌బరోలో తామస్ ఆనండేల్ అను శస్త్రవైద్యుడు 1883 లోనే యిట్టి చీలికను కుట్టెను. అయినను తరువాతి వైద్యులు పెక్కుమంది దీనిని అక్కఱలేని భాగముగా నెంచి మొత్తముగా దీసివేయుచుండిరి. 1948 లో ఫెయిర్‌బ్యాంక్ అను నాంగ్ల వైద్యుడు అట్టివారి ఎక్స్‌రేలలో ఎముకల నడుమ సందు తగ్గుటను జూపెను. బాలుని నొప్పి మాన్పుటకై నలువదవ యేట రాదగు కీలువాతమును కొనిపెట్టుట మంచి బేరము కాదని మా తలంపు.

ఇప్పుడు చెడిన తునకను మాత్రము తీసి, ఆ ఖాళీలో కరగిపోవు స్పంజివంటి దానిని కుట్టు పద్ధతి కొన్ని దేశములలో గలదు. ఇది క్రొత్త మృదులాస్థి కాదు. గోడ లేచువఱకు మేస్త్రీ నిలుపు పరంజా వంటిది. శరీరకణములు దానిలో జొచ్చి తమ కణజాలము నల్లుకొనుకొలది నది మెల్లగా గరగిపోవును. రక్తము వచ్చుదారి గనుక వెలుపలి యంచు చెడక నిలిచియుండవలెను. ఒక రకము పశువుల మడమ స్నాయువునుండి తీసిన కొల్లాజెన్‌తోను, మఱియొకటి పాలీయురిథేన్‌తోను జేయబడును. పశుసంబంధమైనది వలదనువారు ముందే యడిగి తెలిసికొనవలెను. దేహములో గరగు వస్తువు వింతయేమియు గాదు. గొఱ్ఱెప్రేగుల దారముతో గాయములు కుట్టుట మన తాతల కాలమునాటిదే.

అయినను పుట్టిన కణజాలము దేవుడిచ్చినదానియంత గట్టిది కాదు. కీలువాతము నెంతవఱకు ఆపునో వైద్యులలో నేకాభిప్రాయము లేదు. చికిత్స పిమ్మట కొన్ని వారములు కాలు పూర్తిగా మోపరాదు, కొన్ని నెలలు గొంతుకూర్చుండరాదు. మార్కాపురపు పలకల పనిలో గొంతుకూర్చుండి రాయి చీల్చు తండ్రికి అన్ని నెలలు కూలి పోవుట సామాన్యమైన మాట కాదు. వైద్యుడు వెల చెప్పునపుడు ఈ లెక్కయు జెప్పవలెను. చెప్పనిచో మనమే యడుగవలెను.