రిలీజు డేటు ఎప్పుడు?

పెద్ద హీరో సినిమా రిలీజు వాయిదా పడితే అభిమానులు ఎంత గోల చేస్తారో మనందరికీ తెలుసు. రేసింగు ఆటల అభిమానులు వాళ్ళకేమీ తీసిపోరు. ట్రైలరు వస్తే ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తారు, అందులో కనిపించిన కార్ల పేర్లన్నీ రాసుకుంటారు, ఆట బయటికి రాకముందే డబ్బు కట్టేస్తారు. సోమవారం పొద్దున ప్రాజెక్టు డెడ్‌లైను తలుచుకుని నిట్టూర్చే మా స్లౌ కుర్రాళ్ళే, శుక్రవారం సాయంత్రానికి ఆటల డెడ్‌లైన్ల మీద వాదించుకుంటూ కనిపిస్తారు.

అన్నట్టు, స్లౌకీ ఈ ఆటలకీ పాత చుట్టరికమే. 1994లో మొదటి 'నీడ్ ఫర్ స్పీడ్'ని విడుదల చేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి బ్రిటన్ ఆఫీసు ఆ రోజుల్లో ఇక్కడి లాంగ్లీలోనే ఉండేది. ఆటని తయారుచేసింది మాత్రం కెనడాలో.

ఎదురుచూపుల్లో పెద్దపీట 'గ్రాన్ టురిస్మో 5'కే వెయ్యాలి. నాలుగో భాగం యూరప్‌కి 2005 మార్చిలో వచ్చింది. ఐదో భాగానికి 2007 డిసెంబరులో జపానులో 'ప్రోలాగ్' పేరుతో చిన్న రుచి చూపించారు. అసలు ఆట 2010 మార్చిలో జపానులో వస్తుందన్నారు, వాయిదా వేశారు. అమెరికాలో నవంబరు 2న అన్నారు, అదీ తప్పింది. చివరికి నవంబరు 24న వచ్చింది.

ఎందుకింత ఆలస్యం? మన పద్ధతిలో ఒక ఎస్టిమేటు వేసి చూద్దాం. లోపలి సీట్లూ డాష్‌బోర్డుతో సహా ఒక 'ప్రీమియం' కారుని కంప్యూటరులో మలచడానికి ఒక మనిషికి దాదాపు ఆరు నెలలు పడుతుందని ఆట సృష్టికర్త కజునోరి యమౌచి చెప్పారు. అలాంటివి రెండొందల దాకా ఉన్నాయి. అంటే కార్లకే నూరు మనిషి-ఏళ్ళు! ఆటలో ఉన్న వెయ్యి కార్లనీ అలాగే చెయ్యాలంటే ఐదొందల మనిషి-ఏళ్ళు కావాలి. అందుకే మిగతా ఎనిమిది వందల కార్లని పాత ఆటల నుంచి తెచ్చి సర్దారు. విడుదల నాటికి వాటికి లోపలి దృశ్యమే లేదు. మనం స్కోపు తగ్గించి రిలీజు చెయ్యమూ? ఇదీ అంతే. అభిమానులు సణుక్కుంటూనే కొన్నారు, కోటికి పైగా కాపీలు అమ్ముడుపోయాయి.

వాయిదాలైనా నయమే, ఎప్పుడో ఒకప్పుడు ఆట చేతికొస్తుంది. నన్ను కలవరపెట్టేది చేతికొచ్చిన ఆట మాయమవడం. 'గ్రాన్ టురిస్మో 5' ఆన్‌లైన్ సర్వర్లని 2014 మేలో ఆపేసినా, డిస్కు పెడితే ఒంటరిగా ఆడుకోవచ్చు. 2014 డిసెంబరులో యుబిసాఫ్ట్ తెచ్చిన 'ది క్రూ' అలా కాదు. ఒక్కరే ఆడుకున్నా సర్వరు ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేయగానే కొన్నవాళ్ళ డిస్కులు ఎందుకూ కొరగాకుండా పోయాయి. దాంతో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టింది. బ్రిటన్ పార్లమెంటుకి పెట్టుకున్న అర్జీ మీద లక్షకు పైగా సంతకాలు పడ్డాయి, 2025 నవంబరులో చర్చ కూడా జరిగింది. చట్టం మార్చే ఆలోచన మాత్రం లేదని ప్రభుత్వం చెప్పింది.

సర్వరు ఆపడంలో మన వృత్తిలోని వాళ్ళకి వింతేమీ ఉండదు. డేటా సెంటరు అద్దె, సెక్యూరిటీ ప్యాచీలు, కాపలా కాసే మనుషులు, అన్నీ ఖర్చులే. కానీ ఆ రోజు వస్తుందని ముందే తెలిసినప్పుడు, సర్వరు లేకుండా నడిచే దారి డిజైనులోనే పెట్టుకోవచ్చు కదా? ఏ క్లయింటైనా మనల్ని ముందుగా అడిగేది అదేగా!

మన బ్రిటన్‌లోని లెమింగ్టన్ స్పాలో ఉన్న ప్లేగ్రౌండ్ గేమ్స్ వారు, జపాను రోడ్ల మీద నడిచే 'ఫోర్జా హొరైజన్ 6'ని 2025 సెప్టెంబరులో టోక్యోలో ప్రకటించగానే ఇక్కడ మళ్ళీ సందడి మొదలైంది. ఇలాంటి ఆట ఏది ప్రకటించినా ఎన్ని కార్లున్నాయి, రిలీజు డేటెప్పుడు అని అడుగుతాం. వాటితోపాటు నెట్ తీసేస్తే ఆడుతుందా అని కూడా అడగండి. జవాబు దొరికాకే ముందస్తు డబ్బు కట్టండి. మీ పిల్లల పుట్టినరోజుకి కొంటున్నా సరే!