యాప్‌లో రంగు మార్చే ముందు: నేను చేసిన తప్పు, ఇప్పుడు చేస్తున్న పద్ధతి

పోయిన ఎండాకాలం ఒక ఫోన్ల షాపు వాళ్ల బిల్లింగ్ యాప్‌లో రంగు మార్చాను. కస్టమర్ల లిస్టులో బాకీ ఉన్న మొత్తం ఎర్రగా, కట్టేసిన మొత్తం ముదురు ఆకుపచ్చలో కనిపించేది. ఆ పచ్చ పాతకాలంగా ఉందనిపించి లేత చిలకపచ్చ పెట్టా. మూడో రోజు షాపాయన ఫోన్: "కట్టేసిన మనిషిని మళ్లీ కట్టమని అడిగాం అన్నా, పరువు పోయింది."

జరిగిందేంటంటే, నేను డిజైన్ చూసుకున్నది నా అమోలెడ్ ఫోన్‌లో, వివిడ్ మోడ్‌లో, డార్క్ థీమ్‌లో. నల్లటి స్క్రీన్ మీద చిలకపచ్చ మెరిసిపోయింది. కౌంటర్ దగ్గర వాళ్లు వాడేది చవక ఎల్‌సీడీ ఫోన్, లైట్ థీమ్, ఎదురుగా ఎండ. తెల్లటి స్క్రీన్ మీద ఆ అంకెలు వాళ్లకి అసలు ఆనలేదు.

డిజైన్ సిస్టమ్‌లో ఉన్న సౌకర్యమే ఇక్కడ ప్రమాదం కూడా. రంగుకి ఒక పేరు పెట్టి అన్ని స్క్రీన్లలో ఆ పేరునే వాడతాం. దాని విలువ ఒక్కచోట మారిస్తే అన్ని చోట్లా మారిపోతుంది. నేను "ఆకుపచ్చ" అనే పేరునే మార్చేశా. బటన్, మెసేజ్, అంకెలు అన్నీ ఒకేసారి మారాయి.

అందుకే ఇప్పుడు రెండు అంచెల పేర్లు పెడుతున్నా. కింద అసలు రంగులు, పైన వాటి పని చెప్పే పేర్లు: "కట్టేసిన మొత్తం", "బటన్ నేపథ్యం" లాంటివి. కొత్త పచ్చ కావాలంటే పాతదాన్ని ముట్టుకోను. కొత్తదాన్ని పక్కన చేర్చి, ఒక్క "కట్టేసిన మొత్తం" మాత్రమే దానివైపు తిప్పుతా. అదీ అసలు ఫైల్‌లో కాదు, ఫిగ్మాలో డూప్లికేట్ చేసిన ఫైల్‌లో. వెబ్ అయితే టెస్ట్ పేజీలో ఒక్క డబ్బాకి మాత్రమే సీఎస్ఎస్ వేరియబుల్ కొత్త విలువ ఇస్తే చాలు, దాని బయట ఏదీ మారదు.

తర్వాత లెక్క. రంగు బాగుందా అని విడిగా అడిగితే ఉపయోగం లేదు, దేని మీద ఉంది అన్నదే ముఖ్యం. డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకైతే 3:1. తెలుపు మీద #767676 బూడిద రంగు పాస్ అవుతుంది (4.54). #777777 ఫెయిల్ (4.48). ఈ రెండింటికీ తేడా కంటితో మీరు పట్టలేరు, నేనూ పట్టలేను. నా చిలకపచ్చ తెలుపు మీద 2.1 దగ్గరే ఆగింది! డార్క్ థీమ్‌కి ఇదే లెక్క మళ్లీ విడిగా వేయాలి.

లెక్క పాసైనా ఫోన్‌లో చూడాల్సిందే. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి (కొన్ని కంపెనీల ఫోన్లలో ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి). అందులో "సిమ్యులేట్ కలర్ స్పేస్" ఉంటుంది. మోనోక్రొమసీ పెడితే స్క్రీన్ అంతా నలుపు తెలుపు. డ్యూటెరానోమలీ పెడితే ఎరుపు, ఆకుపచ్చ సరిగ్గా వేరు చేయలేని వాళ్లకి ఎలా కనిపిస్తుందో సుమారుగా తెలుస్తుంది. అది పెట్టి చూశాకే నాకు అసలు లోపం దొరికింది. నా చిలకపచ్చ సంగతి సరే, అంతకుముందు ఉన్న ముదురు పచ్చ, ఎరుపు కూడా కొందరికి కలిసిపోయేవే. రంగు ఎంత మార్చినా అది తీరదు. అంకె పక్కన "బాకీ", "కట్టారు" అని మాట చేర్చాక తీరింది.

ఇంకోటి, స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపి "ఎలా ఉంది" అని అడగకండి. చూసేవాళ్లకి వాళ్ల స్క్రీన్ రంగులే కనిపిస్తాయి. పాత ఎల్‌సీడీ ఫోన్ ఒకటి పట్టుకుని, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, మధ్యాహ్నం గుమ్మం బయట నిలబడి చూడండి. నైట్ లైట్ వేసి ఒకసారి, తీసేసి ఒకసారి.

అన్నీ అయ్యాక కూడా అందరికీ ఒకేసారి పంపను. షాపులో ఒక్క కౌంటర్ ఫోన్‌కి వారం రోజులు ఇచ్చా, పాత రంగుకి తిరిగి వెళ్లే స్విచ్ సర్వర్‌లో ఉంచుకుని. రెండో రోజే బటన్ మీద తెల్ల అక్షరాల గురించి కంప్లైంట్ వచ్చింది, అప్పటికప్పుడు వెనక్కి తీసుకున్నా.

పని అయ్యాక ఆ సిమ్యులేట్ ఆప్షన్ ఆఫ్ చేయడం మర్చిపోకండి. నేను మర్చిపోయి, డిస్‌ప్లే పోయిందనుకుని సర్వీస్ సెంటర్ దాకా వెళ్లా.