వరిమళ్ల నడుమ విడిది

సెలవులలో భార్యాబిడ్డలతో నాలుగు దినములు పచ్చని చేల నడుమ గడపవలెనను కోరిక పట్టణవాసులలో నానాటికి పెరుగుచున్నది. ఇందుకై ఇండోనేషియాలోని బాలీ ద్వీపమునకు పోవు తెలుగు కుటుంబములు కూడ కలవు. అచ్చట వరిమళ్లను ఆనుకొని వెదురుతోను, గడ్డితోను కట్టిన విడిది గృహములున్నవి. కొందరు రైతులు తమ యింటిలోనే ఒకటి రెండు గదులు అద్దెకిత్తురు. మన డెల్టా రైతు సోదరులలో కూడ చేని ప్రక్కన ఇట్టి గది కట్టుదమా అని యోచించువారు లేకపోలేదు. మీరు అతిథిగా పోవువారైనను, అతిథులను పిలువదలచినవారైనను బాలీ రైతుల పద్ధతిని కొంత తెలిసికొనుట మేలు. గదికి గిరాకి తెచ్చునది అందలి మంచము కాదు, కిటికీకి ఎదుటనున్న పైరు.

ఆ ద్వీపములో బతుకారు పర్వతపు వాలున జతిలువిహ్ అను గ్రామమున్నది. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున మెట్లు మెట్లుగా మళ్లు తీర్చి వరి పండింతురు. 5 నెలలు పట్టు ఎఱ్ఱబియ్యపు దేశవాళీ వరి ఈ యూరి ప్రత్యేకత. ఈ మళ్లను, మఱికొన్ని చోట్లనున్న మళ్లను, వాని నీటి దేవాలయములను కలిపి సుమారు 19,500 హెక్టార్లను యునెస్కో వారు 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిరి.

ఒక కాలువ క్రింది రైతులందరు కూడిన సంఘమును అచ్చట సుబాక్ అందురు. కాలువకు అడ్డముగా వేసిన దూలములో గండ్లు కోసి, వాని వెడల్పును బట్టి ఎవరి పాలు నీరు వారికి పోవునట్లు చేయుదురు. నీరు తగ్గినచో అందరికి ఒకే లెక్కన తగ్గును. నారు ఎప్పుడు పోయవలెనో, ఎప్పుడు నాటవలెనో అందరు కూడి నిర్ణయించుకొందురు. మన చెరువుల క్రింద నీరుగంటి వంతులు ఎఱిగినవారికి ఇది బొత్తిగా క్రొత్త కాదు.

ఈ కట్టుబాటులో పురుగుల సంగతి కూడ ఇమిడియున్నది. ఎగువ రైతునకు నీటి కొఱత లేదు గదా, దిగువవాని మాట అతడేల వినవలెను? దిగువ మళ్లలో వేఱొక సమయమున నాటినచో అచ్చట పెరిగిన పురుగు ఎగువకు వచ్చును గనుక. అందరు ఒక్కమారు నాటి, ఒక్కమారు కోసి మళ్లను ఖాళీగా ఉంచినచో పురుగుకు తిండి దొరకదు. 1970వ దశకములో ప్రభుత్వము క్రొత్త రకములను ఇచ్చి, వీలైనన్ని మారులు నాటుడని ప్రోత్సహించెను. వంతులు చెదరినవి. ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట పచ్చని పైరుండుటచే సుడిదోమ, టుంగ్రో తెగులు విజృంభించినవి. మానవశాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్, జీవావరణ శాస్త్రవేత్త జేమ్స్ క్రీమర్ 1980వ దశకములో కంప్యూటరుపై లెక్కలు కట్టి, పాత కట్టుబాటే నీటికిని, పురుగుల అదుపునకును తగినదని చూపిరి. సుడిదోమ దెబ్బ తిన్న మన గోదావరి రైతులకు దీని విలువ తెలియును. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయుడని మేము చెప్పుచునే యున్నాము. ఆయకట్టులో అందరు ఇంచుమించు ఒకే వారములలో నాటుట దానికి తోడు కావలెను.

ఇక గది కట్టువారు చూడవలసినవి. మెట్ల మళ్లలో ఒక మడి నీరు క్రింది మడికి పోవును. స్నానపు గది సబ్బునీరు, మరుగుదొడ్డి నీరు బోదెలో కలిసినచో దిగువ రైతు పాలబడును. వానికి వేఱుగా గుంట, ట్యాంకు ఉండవలెను. రాత్రియంతయు చేని వైపు పెద్ద దీపములు వెలిగించుట తగదు. కాండము తొలుచు పురుగు రెక్కల పురుగులు, దోమలు వెలుగునకు చేరును. అంతేగాక పగటి నిడివిని బట్టి ఈను దేశవాళీ రకములు దీపపు వెలుగులో ఆలస్యముగా ఈనును. అతిథులు చీకటిని చూచి విసుగుకొనినచో కప్పల అరుపు వినుడని చెప్పుడు. పట్టణమున అది దొరకదు.

అద్దె సొమ్ము ఎవరికి చేరుచున్నదో కూడ విచారింపవలెను. బాలీలో చాలచోట్ల వరిమళ్లు అమ్ముడుపోయి విల్లాలైనవి. పైరు చూపి సంపాదించిన డబ్బు గట్టు వేయువానికి అందనిచో అతడు మడి అమ్ముకొనుట వింత కాదు. కనుక వీలైనచో సాగు చేయు కుటుంబము వారి యింటనే దిగి, వారి బియ్యమే కొని తినుడు. క్రొత్తగా వేసిన గట్టుపై పిల్లలను పరుగెత్తనీయకుడు. బురద అంటిన బట్టలకు మాత్రము తల్లులు కోపగించుకొనరాదు.

బయలుదేరుటకు ముందు ఆ నెలలో మళ్లు ఏ దశలోనుండునో ఇంటివారిని అడుగుడు. కోత అయిన తరువాత పోయినచో పచ్చదనముండదు. అయితే జెండా కట్టిన గడ చూపుచు బాతులను మళ్లలో మేపువారు కనబడుదురు. మన నెల్లూరు, కృష్ణా ప్రాంతములలో వలెనే బాతులు రాలిన గింజలను, పురుగులను ఏరుకొని తినును. పిల్లలకు బహుశః అదియే ఎక్కువ నచ్చును.