పాత ట్రాక్టరు కొనదలచిన సభ్యులకు

మనుబోలు ప్రాంతపు మాగాణులలో నాట్లకు ముందు దమ్ముచేయుటకు నేడు ట్రాక్టరే ఆధారము. క్రొత్తదానికి సొమ్ము చాలని రైతు పదునైదేండ్లు, ఇరువదియేండ్లు పనిచేసిన బండిని వెదకుట సహజము. అందు తప్పు లేదు. కాని యెద్దును కొనునపుడు పండ్లు పట్టి చూచు రైతే ట్రాక్టరు కొనునపుడు రంగు చూచి బేరమాడుట వింతగా నున్నది. గంటల మీటరును మార్చవచ్చును. రంగు వేయుట అంతకన్న సులభము.

మెట్టలో నడచిన బండి వేఱు, మాగాణిలో నడచిన బండి వేఱు. ఇనుపచక్రములు తగిలించి బురదలో త్రిప్పినచో ఇరుసుల ఆయిలుసీళ్లు అరిగి, లోనికి నీరు చేరును. గేరు ఆయిలు మజ్జిగవలె తెల్లబడియున్న యెడల అదియే గుర్తు. ముందుచక్రమును జాకీపై నెత్తించి రెండుచేతులతో నూపి చూడుడు. లొటలొటలాడినచో బేరింగులు పోయినవి. క్లచ్చు జారుచున్నదా యనునది పొలములో లోతుగా దున్నించి తెలిసికొనవలెను. క్లచ్చు పళ్లెము వెలకన్న, దానిని మార్చుటకై ట్రాక్టరును నడుమ రెండుగా విడదీయు కూలియే భారము.

ఇంజను పరీక్షకు ఉదయమే పోయి, మొదట చేయిపెట్టి చూడుడు. వెచ్చగా నున్నచో ముందే నడిపియుంచిరన్నమాట. మరియొకనాడు పోవుట మేలు. చల్లని ఇంజను తెల్లపొగ కొంత విడిచి మానినచో భయము లేదు. నీలిపొగ ఆగక వచ్చినచో ఆయిలు కాలుచున్నది. పిస్టను రింగులకు పెద్దఖర్చు తప్పకపోవచ్చును. నల్లపొగకు గాలివడపోత మూసికొనుటయు నొక కారణము. అది స్వల్పవ్యయముతో తీరును. పిమ్మట గొఱ్ఱును పైకెత్తి ఇంజను నాపుడు. అది వెంటనే దిగజాఱినచో హైడ్రాలిక్కులో లోపమున్నది.

విడిభాగములమాట మఱువరాదు. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగమును మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిశ్చయించినది. తయారీ నిలిచిన బండి యెంత చవుకయైనను, భాగములు నెల్లూరులో దొరకునేమో మెకానిక్కు నడిగిన పిదపనే బేరమునకు దిగవలెను.

ఇక కాగితములు. ఆర్.సి.లో బ్యాంకుపేర తాకట్టు వ్రాసియున్నచో, అప్పు తీరినట్లు బ్యాంకు ఇచ్చు ఫారము 35 లేనిదే పైకము ఇయ్యరాదు. పేరుమార్పునకు 29, 30 ఫారములపై అమ్మినవారి సంతకము కావలెను. కొన్నవారు 30 దినములలోగా రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. 15 ఏండ్లు నిండిన బండియైనచో రిజిస్ట్రేషను పొడిగించిరో లేదో చూడవలెను. ట్రైలరునకు వేఱు నంబరుండును గనుక, దాని ఆర్.సి.ని గూడ అడిగి తీసికొనుడు.